పొడి దూది

ఇది ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, నాన్నకు చెప్పలేదు, చివరికి నా డైరీలో కూడా రాసుకోలేదు. ఆపరేషన్ చేసిన నా ఎడమ చెవిలో నూనె పోసింది మా నాయనమ్మ కాదు. నేనే పోసుకున్నాను.

ఎనిమిదో తరగతి నుంచి డైరీ రాసే అలవాటు నాకు. ప్రతి జనవరిలో నాన్న కొట్టుకు నాలుగైదు డైరీలు వచ్చేవి. అట్ట మీద నూనె డబ్బా బొమ్మ ఉండేది. అందులో ఒకటి నాది. మనుషులతో మాట్లాడలేనివన్నీ అందులో రాసుకునేదాన్ని. ఆ సంగతి రాసిన పేజీలో మాత్రం, “నాయనమ్మ నా చెవిలో నూనె పోసింది. నాన్న చాలా కోప్పడ్డాడు” అని గుండ్రటి అక్షరాలతో ఉంటుంది. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. ఆ డైరీ ఇంకా నా దగ్గరే ఉంది.

మాది జగ్గయ్యపేట. తాతయ్య పెట్టిన నూనె కొట్టు నాన్న చూసుకునేవాడు. ముందు కొట్టు, వెనక ఇల్లు. వేరుశనగ నూనె, నువ్వుల నూనె, ఆముదం, అన్నీ పెద్ద డబ్బాల్లో ఉండేవి. ఇంట్లో ఏ గోడ మీద చెయ్యి వేసినా వేలికి జిడ్డు తగిలేది. నా లెక్కల నోటుపుస్తకం అంచులు నూనె పీల్చి అవతలి పేజీ కనబడేటంత పల్చబడేవి. మా ఇంట్లో నూనె సరుకే కాదు, మందు కూడా. జలుబు చేస్తే మాడున నువ్వుల నూనె, కాళ్ళు పీకితే ఆముదం. ఆదివారం తలంటుకు ముందు అందరి చెవుల్లో రెండేసి చుక్కలు. నాయనమ్మ ఇనప గరిటెలో నువ్వుల నూనె పోసి, వెల్లుల్లి రెబ్బ వేసి, అది చిటచిటలాడేదాకా కాచేది. ముందు తన మోచేతి మీద ఒక చుక్క వేసి వేడి చూసుకునేది. “మన కొట్టు నూనె. దీనికి తగ్గని జబ్బు ఉందా?” అనేది.

తగ్గని జబ్బు ఉంది. నా ఎడమ చెవి. అయిదేళ్ళప్పుడు తట్టు పోసి తగ్గాక అది కారడం మొదలైంది. కొన్నాళ్ళు ఆగేది, మళ్ళీ కారేది. వానాకాలంలో మరీ ఎక్కువ. దిండు మీద పసుపుపచ్చని మరక, దగ్గరికొస్తే వాసన. బళ్ళో నేను ఎప్పుడూ బెంచీకి ఎడమ చివర, గోడ వైపు కూర్చునేదాన్ని. అట్లా అయితే చెడ్డ చెవి గోడకీ, మంచి చెవి టీచరుకీ ఉంటాయి.

“వాళ్ళ కొట్లో నూనె కారుద్ది, దాని చెవిలో చీము కారుద్ది” అని నా ముందు బెంచీ పిల్లలు పాటలాగా పాడేవాళ్ళు. నాకు ఒక చెవితోనే వినపడేది కాబట్టి సగమే వినపడిందని అనుకునేవాళ్ళేమో. మొత్తం వినపడేది.

ఇంట్లో నా ఎడమ పక్క నుంచి పిలిచి, పలకలేదని విసుక్కోనిది నాయనమ్మ ఒక్కతే. ఆమె ఎప్పుడూ చుట్టూ తిరిగి వచ్చి నా కుడి పక్క కూర్చుని మాట్లాడేది.

పదో తరగతి పరీక్షలకు కొన్ని నెలల ముందు నాన్న నన్ను నందిగామ తీసుకెళ్ళాడు. అక్కడికి ఆదివారాలు బెజవాడ నుంచి ఒక చెవి డాక్టరు వచ్చేవాడు. నుదుటి మీద గుండ్రటి అద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు.

“కర్ణభేరికి చిల్లు పడిందండి. చుక్కల మందులతో మూసుకునే చిల్లు కాదు. చెవి పైన కండరం మీద పల్చటి పొర ఉంటుంది, అది తీసి ఇక్కడ అతికిస్తాం. అతుక్కుంటే చెవి ఆరుతుంది, వినికిడి కూడా కొంత మెరుగవుతుంది.”

“అతుక్కోకపోవడం ఉంటుందాండి?” అన్నాడు నాన్న.

“ఉంటుంది. ముందే చెప్తున్నా. మనం చెయ్యాల్సింది మనం చేస్తాం, మిగతాది పొర ఇష్టం.”

వేసవి సెలవుల్లో బెజవాడలో ఆపరేషన్ చేశారు. తల చుట్టూ తలపాగాలా కట్టుతో ఇంటికి వచ్చాను. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు నాన్న ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపుకు మేకు కొట్టి తగిలించాడు. చెవిలో నీళ్ళు పోకూడదు. ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. చెవిలో ఏమీ వెయ్యకూడదు.

నాయనమ్మకు చదువు రాదు. నాన్న ఆమెకు చదివి వినిపించాడు.

“నూనె చుక్క కూడా వద్దంట్రా?”

“అమ్మా, దాని చెవి దగ్గరికి నూనె తెచ్చావంటే నేను ఊరుకోను. ముందే చెప్తున్నా.”

“మన కొట్టు నూనేరా...”

“ఏ కొట్టు నూనైనా సరే.”

నాయనమ్మ చిన్నబోయింది. కానీ ఆ తర్వాత నా తలకు నూనె రాయడానికి కూడా ముట్టుకోలేదు. ఆదివారం తలంటు రోజున మిగతావాళ్ళకు నూనె కాచి, నా దగ్గరికి వచ్చేముందు చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చేది.

చెవిలో కూరిన గుడ్డ తీశాక ఒక సంగతి జరిగింది. పొద్దున్నే మంచం మీద పడుకుని ఉన్నాను. కుడి చెవి దిండులో ఉంది. గుబగుబమని ఏదో చప్పుడు. ఏమిటో అర్థం కాక లేచి చూస్తే, కొట్లో నాన్న గరాటు పెట్టి సీసాలో నూనె పోస్తున్నాడు. పుట్టినప్పటి నుంచీ నూనె కొట్లో పెరిగాను, ఆ చప్పుడు ఎడమ చెవితో విన్నట్టు నాకు గుర్తులేదు. ఆ రోజు నుంచి నాన్న పొద్దున్నే తన చేతి గడియారం విప్పి నా ఎడమ చెవి దగ్గర పెట్టేవాడు.

“వినపడుతోందామ్మా?”

“ఆఁ నాన్నా.”

“ఇప్పుడు?” అని చెయ్యి కాస్త దూరం జరిపేవాడు. రోజూ ఒక అంగుళం ఎక్కువ దూరం. వినపడుతోంది అన్నప్పుడల్లా గడియారం తిరిగి పెట్టుకోవడం మరచిపోయి కొట్లోకి వెళ్ళిపోయేవాడు. అమ్మ దాన్ని పట్టుకుని వెనకాల పరిగెత్తేది.

అట్లా పది, పన్నెండు రోజులు. తర్వాత దురద మొదలైంది.

గాయం మానేటప్పుడు దురద ఉంటుందని డాక్టరు చెప్పాడు, ఓర్చుకోవాలని చెప్పాడు. చెవి లోపల చీమ పాకినట్టు ఉండేది. వేలు పెట్టడానికి లేదు, పుల్ల పెట్టడానికి లేదు. ఒక మధ్యాహ్నం అమ్మ పక్కింటికి వెళ్ళింది, నాన్న కొట్లో ఉన్నాడు, నాయనమ్మ నడవలో చాప మీద కునుకు తీస్తోంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఇనప గరిటె తీశాను. ఎందుకు చేశానని నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. చెవి బాధ పెడితే వెచ్చటి నూనె, అది నా ఒంటికి తెలిసినంతగా తలకు ఏ జాగ్రత్తా తెలియదు. తలుపు మీద అట్ట వేలాడుతూనే ఉంది. నూనె కాచాను, వెల్లుల్లి వేశాను, నాయనమ్మ లాగే మోచేతి మీద చుక్క వేసి చూసుకున్నాను. తల వంచి రెండు చుక్కలు పోసుకున్నాను. తర్వాత ఇంకొకటి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తల ఎత్తేసరికి గుమ్మంలో నాయనమ్మ. వెల్లుల్లి వాసనకు లేచినట్టుంది.

“ఎంత పని చేశావే!”

అరవలేదు, గొంతు అసలు లేవలేదు. దగ్గరికి వచ్చి నా తల ఎడమవైపు వంచి, కొంగుతో అద్దింది. ఎంత అద్దినా లోపలికి పోయింది లోపలే ఉంది.

“చెప్పమాక నాయనమ్మా. నాన్నకి చెప్పమాక.”

“చెప్పన్లే. ఏడవమాక. ఏడిస్తే ముక్కు చీదాల్సొస్తది.”

నా చేతిలో గరిటె తీసుకుని తనే కడిగింది.

నాలుగు రోజులకు చెవి పోటు, తర్వాత చీము. ఆదివారం నందిగామ వెళ్ళాం. డాక్టరు అద్దంలోంచి చూసి, సన్నటి గొట్టంతో లోపల శుభ్రం చేసి, ఆ గొట్టం చివర వేళ్ళతో రుద్ది వాసన చూశాడు.

“నూనె పోశారు. ఎవరు పోశారండి?”

నాన్న ముఖం ఎర్రబడింది. “మా అమ్మ. ఇంకెవరండి. వద్దని ఎన్నిసార్లు చెప్పానో.”

“ఏమ్మా, అంతేనా?” అన్నాడు డాక్టరు నన్ను చూసి.

నేను తల వంచుకున్నాను. కొత్తవాళ్ళ ముందు తల వంచుకోవడం నా అలవాటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పిల్లకు సిగ్గు అనుకున్నారు. ఆ రోజు నాకున్నది సిగ్గు కాదు, భయం. రెండూ బయటికి ఒకేలాగా కనిపిస్తాయి.

పొర నిలవలేదని చెప్పాడు డాక్టరు. చాలావరకు కరిగిపోయిందట. తిరుగు ప్రయాణంలో బస్సు చిల్లకల్లు దగ్గర ఆగినప్పుడు నాన్న గడియారం విప్పి నా ఎడమ చెవికి ఆనించాడు. దూరంగా కాదు, చర్మానికి తగిలేలా.

“లేదు నాన్నా” అన్నాను.

గడియారం చేతికి పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. పేట వచ్చేదాకా ఇటు తిరగలేదు.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా నడవలోకి వెళ్ళాడు. నేను తలుపు పక్కన ఆగిపోయాను.

“పోశావా? నిజం చెప్పు. దాని చెవిలో నూనె పోశావా, లేదా?”

నాయనమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాన్న భుజం మీదుగా నన్ను చూసింది. ఆ చూపులో నన్ను అడిగింది. నేను నోరు తెరవడానికి కావలసినంత సేపు ఎదురుచూసింది. నేను తెరవలేదు.

“పోశాన్రా” అంది. “దురదని ఏడుస్తుంటే చూడలేక పోశా.”

“చేతులారా దాని చెవి పోగొట్టావు.”

ఆ తర్వాత నాన్న ఆమెతో మాట్లాడలేదు. తిట్టనూ లేదు. అన్నం ఆమె వడ్డిస్తే లేచి వెళ్ళిపోయేవాడు, అందుకని అమ్మ వడ్డించేది. రెండు నెలలు చూసి మా మేనత్త పెనుగంచిప్రోలు నుంచి వచ్చింది. వాళ్ళకు అక్కడ చిల్లర కొట్టు, కొంచెం పత్తి చేను. “పలకరించే దిక్కు లేని చోట నీకెందుకమ్మా, పద” అని నాయనమ్మ రేకు పెట్టె ఆటోలో పెట్టించింది. నాన్న కొట్లోంచి బయటికి రాలేదు. ఆ రాత్రే నేను డైరీలో ఆ రెండు వాక్యాలు రాశాను.

అత్తయ్య ఇంట్లో నాయనమ్మ వత్తులు చెయ్యడం మొదలుపెట్టింది. చేలోంచి వచ్చిన పత్తి గింజ తీసి, నలుసు లేకుండా విడదీసి చేసేది. పేటకు వచ్చే ఆటోలో ఎవరో ఒకరి చేత పంపేది. ప్రతిసారీ రెండు పొట్లాలు. ఒకదానిలో అమ్మ పూజకు వత్తులు, రెండోదానిలో నా చెవికి దూది. రెండో పొట్లం తెల్ల కాగితంలో విడిగా కట్టి ఉండేది. అది ఎవరి చేతి దూదో నాన్నకు తెలుసు. పారెయ్యమని ఎప్పుడూ అనలేదు.

నేను డిగ్రీకి నందిగామ కాలేజీలో చేరాను. రోజూ బస్సు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవలలు బస్సులో చదువుకునేదాన్ని. చేతిలో పుస్తకం ఉన్నవాళ్ళను ఎవరూ పలకరించరు, పలకలేదని నొచ్చుకోరు. చివరి సంవత్సరంలో చెవి వెనక నొప్పి మొదలైంది, తల తిప్పితే గది మొత్తం తిరిగేది. ఈసారి బెజవాడలో వేరే డాక్టరు, ఒక ఆవిడ, స్కాన్ తీయించి, జబ్బు చెవి వెనక ఎముకలోకి పాకిందని, ఆలస్యం చేస్తే ముఖం వంకర పోవచ్చు, మెదడుకు కూడా ప్రమాదమేనని చెప్పింది.

రెండో ఆపరేషన్ సూది మందుతో చెవి వరకే మొద్దుబార్చి చేశారు. నాకు అంతా తెలుస్తూనే ఉంది. ఎముక తొలిచే మిషను చప్పుడు బయటి నుంచి రాలేదు, నా పుర్రె లోపలే ఎవరో పిండిమర ఆడించినట్టు వచ్చింది. నా ఎడమ చెవికి అంత గట్టిగా వినిపించింది అదొక్కసారే.

మూడు నెలలకు చెవి ఆరిపోయింది. పదిహేనేళ్ళ తర్వాత దిండు మీద మరక లేదు, వాసన లేదు. గాజు తలుపుల గదిలో కూర్చోబెట్టి చప్పుళ్ళు వినిపించి పరీక్ష చేశారు. కాగితం మీద కుడి చెవి గీత పైన ఉంది. ఎడమ చెవి గీత అడుగున ఎక్కడో పాకుతోంది.

“లోపలి చిన్న ఎముకలు తినేసిందమ్మా. వినికిడి ఇంక రాదు. ఆరు నెలలకోసారి వచ్చి శుభ్రం చేయించుకో. చెవి పొడిగా ఉండటమే మనం సాధించింది” అంది డాక్టరు.

నాన్న మందుల షాపుకు వెళ్ళి ఉన్నాడు. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో, అడిగాను.

“మొదటిసారి పొర పోవడం నూనె వల్లేనా మేడమ్?”

“నూనె పోయడం తప్పే. కానీ ఈ జబ్బు ఎముకలో చాలా ఏళ్ళ నుంచి ఉంది. నూనె పోయకపోయినా ఆ పొర నిలిచేదని నేను చెప్పలేను. నిలిచేది కాదని కూడా చెప్పలేను.”

నాన్న మందులతో లోపలికి వచ్చాడు. ఆ ఒక్క మాట నాన్నకు అందిస్తే చాలు, నా తప్పు ఒప్పుకోకుండానే నాయనమ్మను ఇంటికి రప్పించవచ్చు. కీసర దాటాం, నందిగామ దాటాం. బస్సులో చెప్తాను, ఇంటికి వెళ్ళాక చెప్తాను అనుకుంటూనే పేటలో దిగాను.

పరీక్షలయ్యాక ఒక ఆదివారం ఒక్కదాన్నే పెనుగంచిప్రోలు వెళ్ళాను. నాయనమ్మ బాగా చిక్కిపోయింది. వసారాలో కూర్చుని పత్తి విడదీస్తోంది. నన్ను చూడగానే లేచి, అలవాటుగా చుట్టూ తిరిగి వచ్చి నా కుడి పక్క కూర్చుంది.

“మీ నాన్న ఎట్లా ఉన్నాడే? కొట్లో నువ్వుల నూనె వస్తందా? ఈడ అంతా ప్యాకెట్ నూనెలు. వాసనా పాడా.”

డాక్టరు చెప్పింది చెప్పాను. నాన్నకు అంతా చెప్పేస్తానన్నాను. పోసింది నేనేనని కూడా.

చేతిలోని పత్తిలోంచి నలుసు ఒకటి తీసి పారేసింది.

“చెప్పొద్దంటానని అనుకుంటున్నావా?” అంది. “అనను. చెప్పు. నాకూ ఇంటికి రావాలనుంది. కానీ వాడు అరిస్తే తట్టుకోవాలి. నీకసలే నోరు లేదు.”

“చెప్తా నాయనమ్మా. ఈ వారంలోనే చెప్తా.”

“అయితే పెట్టె సర్దుకుని ఉంచుతా. వాడికి కాచుకునే ఓపిక ఉండదు.”

సోమవారం నాన్నకు జ్వరంగా ఉంది. మంగళవారం కొట్టుకు లోడు వచ్చింది. బుధవారం ఏ కారణమూ లేదు. ఆయన భోంచేస్తుంటే ఎదురుగా నిలబడ్డాను. “ఏమ్మా, ఏం కావాలి?” అన్నాడు. మజ్జిగ పొయ్యనా అన్నాను. ఆ వారం అయిపోయింది. తర్వాతి వారం శుక్రవారం పొద్దున అత్తయ్య ఫోన్ చేసింది. నాయనమ్మ నిద్రలోనే పోయింది.

మేము వెళ్ళేసరికి వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. నాన్న ఆమె పాదాల దగ్గర కూర్చుని, “అమ్మా, ఒక్కసారి తిట్టవే” అని ఏడ్చాడు. కాసేపటికి తలుపు పక్కనున్న రేకు పెట్టె మీద ఆయన చూపు పడింది. తాడు కట్టి ఉంది.

“పెట్టె ఎందుకు కట్టారు?”

“అమ్మే కట్టుకుంది అన్నయ్యా” అంది అత్తయ్య. “రెండు వారాల నుంచి నువ్వొచ్చి తీసుకెళ్తావని చూస్తానే ఉంది. ఆటో చప్పుడైతే చాలు, గుమ్మంలోకొచ్చేది. ఎవరు చెప్పారో ఏమో.”

నాన్న అందరి ముఖాలూ చూశాడు. నేను తల వంచుకుని ఉన్నాను.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. నాన్న ఇప్పుడు నన్ను కుడి పక్క నుంచే పిలుస్తాడు. ఆ అలవాటు నాయనమ్మ పోయాక ఆయనకు వచ్చింది. ఈ కాగితాలు ముందు ఆయనకే ఇవ్వాలని ఉంది. ఇస్తానని మాత్రం రాయను. అట్లా ఇచ్చి నిలబెట్టుకోని మాటలు నావి ఇదివరకే ఉన్నాయి. చెవి పొడిగానే ఉంది. ఆరు నెలలకోసారి వెళ్ళి శుభ్రం చేయించుకుంటాను.

ఆ చివరి ఆదివారం నేను ఆటో ఎక్కాక నాయనమ్మ ఆగమని చెయ్యి ఊపి లోపలికి వెళ్ళింది. నూతి దగ్గర బకెట్లో చేతులు ముంచి కడుక్కుంది. కొంగుకు తుడుచుకుని, చాలదన్నట్టు రెండు చేతులూ ఎండలో పెట్టి కాసేపు నిలబడింది. ఆటో అతను హారన్ కొట్టాడు. తర్వాత తెల్ల కాగితం పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టి, అందులోంచి చిన్న తునక తుంచి నా అరచేతిలో ఉంచింది.

“పొడి దూదేనమ్మా. నూనె చెయ్యి తగల్లేదు. పెట్టుకో.”